రాత్రి గోళీ

ఒక మాట నా గొంతులో ఏళ్ల తరబడి అడ్డంగా ఉండిపోయింది. దానితోనే వండాను, తిన్నాను, పిల్లల్ని పెంచాను, నవ్వాల్సిన చోట నవ్వాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు దాచుకుంటే తప్ప నోరు పెగలదని నాకు నేనే తేల్చుకున్నాను. పిరికిదాన్నని అనుకుంటారేమో. అనుకోండి, అది నిజమే.

మా అత్తమ్మ కాళ్లు చచ్చుబడిపోతుంటే అవి ఎందుకలా అవుతున్నాయో నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. ఇదీ సంగతి. మిగిలినదంతా దీని చుట్టూ తిరిగేదే. కానీ ఇంత మాత్రం చెప్పి ఊరుకుంటే, చెప్పినట్టు ఉంటుంది తప్ప ఒప్పుకున్నట్టు ఉండదు.

మాది షోలాపూర్‌లో నీలం నగర్. అత్తమ్మ, మామయ్య కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. నేను కాపురానికి వచ్చేసరికే మామయ్య లేడు. మా ఆయనకు అశోక్ చౌక్ దగ్గర ఒక కార్ఖానాలో చాదర్లు నేసే పని. ఇంట్లో అత్తమ్మ, నేను బీడీలు చుట్టేవాళ్లం. పొద్దున్నే నీళ్ల పని కాగానే గల్లీలో ఆడవాళ్లంతా ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని కూర్చుంటారు. చేటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. సాయంత్రం కట్టలు కట్టి బీడీ కార్ఖానాకు పట్టుకెళ్తే అక్కడ ఒకతను బాగాలేనివి ఏరి పక్కన పారేస్తాడు.

మా ఇంట్లో అతనికంటే ముందు అత్తమ్మ ఏరేది. నా కట్టలు విప్పి, వదులుగా ఉన్నది, మూతి సరిగా మడవనిది ఒక్కొక్కటే తీసి నా చేటలోకి విసిరేది. గల్లీ అంతా చూస్తుండగానే. నేను తెలుగు బడిలో పదో తరగతి దాకా చదువుకున్నాను. అందుకని నా పేరు ఆమె నోట ఎప్పుడూ రాలేదు, పంతులమ్మా అనేది. పంతులమ్మ చేతులు పుస్తకానికే కానీ ఆకుకు పనికిరావని నవ్వేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేదాన్ని. ఆమె చెడ్డదా? కాదు. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసింది. కానీ గంజి పోసేటప్పుడు కూడా ఒక చురక వేసి పోసింది.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. కొంతం చౌక్ దగ్గర మేడ మీద ఒక డాక్టర్ ఉండేవాడు. మరాఠీ ఆయన, చిన్న వయసు, మెల్లగా మాట్లాడే మనిషి. రక్తం పరీక్ష చేయించి కొవ్వు బాగా ఎక్కువగా ఉందన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. జొన్నరొట్టె, పల్లీల చట్నీ తిని బతికే ఒంటికి కొవ్వు ఎక్కడిదని ఆయన్నే నిలదీసింది. ఆయన నవ్వి, పొద్దున ఒక గోళీ, రాత్రి ఒక గోళీ రాసి ఇచ్చాడు. చదువుకున్నదాన్ని కనుక గోళీల పని నాదయింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక నేను గోళీ ఇవ్వాలి, ఆమె మింగాలి.

వానలు పడే రోజులకు ఆమెకు తొడలు, పిక్కలు గుంజడం మొదలైంది. ఎవరం పట్టించుకోలేదు. మా గల్లీలో కాళ్ల నొప్పిని జబ్బుల్లో లెక్కపెట్టరు. మగవాళ్లు మగ్గాల మధ్య పొద్దంతా నిలబడతారు, వాళ్ల పిక్కలు ఉబ్బుతాయి. ఆడవాళ్లం పొద్దంతా కూర్చుంటాం, మా మోకాళ్లు పట్టేస్తాయి. నూనె రాసుకుంటాం, మళ్లీ పొద్దున్నే కూర్చుంటాం. డాక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్లినప్పుడు ఒళ్లు నొప్పులేమైనా ఉన్నాయా అని ఆయన అడిగాడు. నేనూ అత్తమ్మా ఒక్కసారే లేవన్నాం. ఆయన జబ్బు నొప్పి గురించి అడుగుతున్నాడనుకున్నాం. మాకున్నది పని నొప్పి కదా. ఆ రోజు నేను చెప్పిన 'లేవు'లో పాపం లేదు. ఇది నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను, ఎందుకంటే దాని తర్వాత చెప్పినవాటి గురించి ఇలా చెప్పుకోలేను.

కొన్నాళ్లకు నొప్పి పక్కన బలహీనత వచ్చి కూర్చుంది. అత్తమ్మ నేల మీద నుంచి లేవలేకపోయేది. మొదట తలుపు చెక్క పట్టుకుని లేచేది. తర్వాత అదీ చాలక నా చెయ్యి అడిగింది. నేను చంకల కింద చేతులు వేసి లేపేదాన్ని. బాత్రూమ్‌కు నేనే, మంచం ఎక్కించడానికి నేనే. కార్ఖానాకు బీడీలు నేనొక్కదాన్నే పట్టుకెళ్లేదాన్ని. ఇంట్లో నా కట్టలు విప్పి చూసేవాళ్లు లేరు. బీరువా తాళం చెవి నా కొంగుకు వచ్చింది. ఒకరోజు లేపి నిలబెడితే ఆమె నా భుజం మీద తల ఆనించి, 'బిడ్డా' అంది. నన్నేనా అని చూశాను. నన్నే.

గోళీలు అయిపోతే ఆ నెల నేనొక్కదాన్నే వెళ్లాను. మేడ మెట్లు ఎక్కడం ఆమె వల్ల కాదు కదా. డాక్టర్, అమ్మ రాలేదేమని అడిగాడు. మెట్లు ఎక్కలేకపోతోందన్నాను. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు. నేల మీద నుంచి తనంతట తను లేవగలదా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు ఆయన మెల్లగా, విడమరిచి చెప్పాడు. కొందరికి ఈ గోళీ పడదని, కండరాలను దెబ్బతీస్తుందని, రాత్రి గోళీ ఈ పూట నుంచే ఆపేయమని. రేపే ఆమెను రక్తం పరీక్షకు తీసుకురమ్మన్నాడు. మెట్లు ఎక్కలేకపోతే తనే కిందికి దిగి వచ్చి చూస్తానన్నాడు. ఇప్పుడు ఆపితే బలం మళ్లీ వస్తుందని, ఆలస్యం చేస్తే మూత్రపిండాల మీదికి వస్తుందని కూడా చెప్పాడు. అర్థమైందా, ఒకసారి మీరు చెప్పండి అన్నాడు. నేను చెప్పాను. ఒక్క మాట తప్పు లేకుండా చెప్పాను.

చూశారా, నాకు ఏ సాకూ లేదు. మరాఠీ రాదా? వచ్చు. అర్థం కాలేదా? అప్పజెప్పాను కూడా.

దారి పొడవునా చెప్పాలనే అనుకుంటూ వచ్చాను. ఇంటి ముందు అత్తమ్మ స్టూలు మీద కూర్చుని పక్కింటి వదినతో మాట్లాడుతోంది. నాకు ఆడబిడ్డ పుట్టలేదని ఇన్నేళ్లు ఏడ్చాను, నాకున్న బిడ్డ ఈమేనని నాకే తెలియలేదని చెబుతోంది. నన్ను చూసి చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రాత్రి ఆమె గోళీ అడిగింది. డాక్టర్ ఏమన్నాడని అడిగింది. ఇవే వేసుకొమ్మన్నాడని చెప్పి ఇచ్చాను.

ఎందుకు ఇచ్చాను? ఈ ప్రశ్న నన్ను నేను అడగని రోజు లేదు. ఆమె మీద కక్షా? అలా ఉంటే బాగుండేదేమో, కనీసం దానికొక పేరుండేది. నేను ఆమె చచ్చిపోవాలని అనుకోలేదు, దేవుడి మీద ప్రమాణం. ఆమె బాగుండాలనే కోరుకున్నాను. కానీ నా చెయ్యి లేకుండా లేవలేనంత మాత్రం బాగుంటే చాలనుకున్నాను. ఆమె లేచి నిలబడితే నా చేటలోకి మళ్లీ బీడీలు విసురుతుంది, మళ్లీ పంతులమ్మనవుతాను అన్న భయం, సిగ్గులేని ఒక చిన్న భయం, అది నన్ను ప్రతి రాత్రీ ఆ గోళీ విప్పేలా చేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వానాకాలం గడిపేశాను. ఆలస్యమయ్యేకొద్దీ, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలన్న భయం కూడా దానికి తోడైంది.

బతుకమ్మ వచ్చింది. మా గల్లీలో పాట ఎత్తుకునేది అత్తమ్మే. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ ఏడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం. కూర్చునే పాడింది. చుట్టూ ఆడవాళ్లు తిరుగుతుంటే ఆమె చేతులు చప్పట్లు కొడుతున్నాయి, కాళ్లు మాత్రం కట్టెల్లా ఉన్నాయి. ఉన్నట్టుండి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. పండగ పూట తనకూ ఒక అడుగు వెయ్యాలనిపించి ఉంటుంది. లేచింది, అక్కడే కుప్పకూలింది.

తెల్లవారి ఆమె మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. మా ఆయన, నేను ఆమెను సర్కారు దవాఖానాకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టర్ ఏం మందులు వాడుతున్నారని అడిగితే గోళీల అట్టలు ఆయన చేతిలో పెట్టాను. చూడగానే ఇది ఆపండన్నాడు. సెలైన్లు ఎక్కించారు. మూత్రపిండాలు కొద్దిలో తప్పించుకున్నాయన్నారు. ఇలా అవుతుందని మీకెవరూ చెప్పలేదా అని ఆయన అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. లేదన్నాను.

అప్పటికే ఒక అబద్ధం చాలా పెద్దదైపోయింది. దాని మీద ఇంకొకటి పెట్టడం ఏమంత కష్టమనిపించలేదు.

అత్తమ్మ ఇంటికి వచ్చిన రోజు మా ఆయన నేరుగా కొంతం చౌక్ వెళ్లాడు. డాక్టర్ దగ్గర కూర్చున్న రోగులందరి ముందూ ఆయన్ని నానా మాటలూ అన్నాడట. మా అమ్మ కాళ్లు తీశావని, నీ దగ్గరికి ఎవడూ రాకుండా చేస్తానని. మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు. తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా గడపలో నిలబడి నన్ను అడిగాడు.

"ఆ డాక్టర్ ఏమంటుండు ఎర్కనా? నీకు ముందుగాల్నే చెప్పిండట. గోళీ బంద్ చెయ్యమని, అమ్మను తీస్కరమ్మని. సచ్ బోల్, చెప్పిండా?"

"నాకు చెప్పలే" అన్నాను.

మంచం మీద నుంచి అత్తమ్మ తల ఎత్తింది. "నా బిడ్డ అబద్దం ఆడది రా. నన్ను ఎత్తి కూసోబెడ్తది, పండబెడ్తది, నా గలీజు తీస్తది. గసుంటి మనిషికి చెప్తే ఊకుంటదా? తన తప్పు కప్పుకోనీకి ఆ డాక్టరే ఝూట్ చెప్తుండు" అంది.

మా ఆయన తల దించుకున్నాడు. నన్ను అడిగినందుకు సిగ్గుపడ్డాడు. నేను వంటింట్లోకి వెళ్లి పిండి కలపడం మొదలుపెట్టాను. ఎంతసేపు కలిపానో, ఆ పిండి రొట్టెకు పనికిరాకుండా పోయింది.

ఆ తర్వాత ఆమె కోలుకోవడం మొదలైంది. నేను ప్రాణం పెట్టి చేశాను. ప్రాయశ్చిత్తమనుకోండి, భయమనుకోండి. మొదట మంచం మీద పక్కకు తిరగడం వచ్చింది. తర్వాత మంచం పట్టె పట్టుకుని నిలబడడం. దీపావళి పోయి చలి ముదిరేసరికి స్టూలు మీద నుంచి తనే లేవసాగింది. కానీ బీడీలు చుట్టే మనిషికి నేల మీద కూర్చుంటే తప్ప బాగైనట్టు కాదు. అందుకని గోడ పక్కన ఇటుకలు పేర్చి, పైన గోనెసంచి పరిచి దాని మీద కూర్చోబెట్టేదాన్ని. ఆ ఎత్తు నుంచి సునాయాసంగా లేచిందంటే ఒక వరస ఇటుకలు తీసేసేదాన్ని. ఒక్కో వరస తీసినప్పుడు నాలుగు రోజులు లేవలేక తిట్టేది, ఆ పైన లేచేది. కొన్నిసార్లు తొడలు వణికి మళ్లీ కూలబడేది. అప్పుడు నేను నూనె వెచ్చబెట్టి మెల్లగా రాసేదాన్ని. ఎండలు మొదలయ్యేసరికి ఇటుకలన్నీ అయిపోయాయి. ఆ రోజు ఆమె నేల మీద చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఒక కట్ట చుట్టింది, చేట పక్కన పెట్టి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. గల్లీ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"దేవుడు తీస్కపోయిన కాళ్లు నా కోడలు మల్ల తెచ్చిచ్చింది" అందరితోనూ అంది.

ఆ మాట ఆమె బతికినన్నాళ్లూ అంటూనే ఉంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఊరి నుంచి వచ్చిన చుట్టాల దగ్గర. వాళ్లు నన్ను చూసి కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను తలవంచుకునేదాన్ని. దాన్ని అణకువ అనుకున్నారు. ఒకరోజు అలవాటుగా నా కట్ట విప్పి, వదులు బీడీ ఒకటి నా చేటలోకి విసిరింది. నా ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో! ఇంకో నాలుగు విసిరితే బాగుండుననిపించింది. కానీ ఆమె నాలుక కరుచుకుని, దాన్ని తిరిగి తీసుకుని తనే సరిచేసి కట్టింది. ఇక ఎప్పుడూ విసరలేదు.

మళ్లీ చూపించడానికి వెళ్తే దవాఖానాలో డాక్టర్, కాళ్లు బాగయ్యాయి కానీ కొవ్వు అలాగే ఉంది, వేరే మందు తక్కువ మోతాదులో చూసుకుంటూ వాడొచ్చు, పాత డాక్టర్‌కు ఈమె సంగతి తెలుసు కదా, ఆయన్ని కలవండి అన్నాడు. అత్తమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆ గోళీల ముఖం మళ్లీ చూడనంది. కాళ్లు తినే మందులు, అబద్ధమాడే డాక్టర్లు తనకు వద్దంది. పక్కింటి వదిన చెప్పినట్టు పొద్దున్నే పచ్చి వెల్లుల్లి నమిలేది, దాని మీదే నమ్మకం పెట్టుకుంది. ఆ డాక్టర్ ముందే చెప్పాడు అత్తమ్మా, ఆయన మంచివాడు, నేనే దాచాను అని నేను ఆ రోజు అని ఉంటే ఆమె మళ్లీ ఆ మెట్లు ఎక్కి ఉండేది. నేను ఆ వెల్లుల్లి ఒలిచి ఇచ్చాను.

కొన్నేళ్లకు ఒక పొద్దున, నీళ్లు పట్టుకుని వస్తూ అత్తమ్మ గుండె పట్టుకుని కూర్చుంది. దవాఖానా చేరకముందే పోయింది. మందు వాడి ఉంటే బతికేదా? ఏమో. ఎవరూ తేల్చి చెప్పలేరు. తేలనిదే నన్ను ఎక్కువ తినేసింది. తేలితే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

ఆ డాక్టర్ బోర్డు అంతకు ముందే మేడ మీద నుంచి దిగిపోయింది. ఎందుకు వెళ్లాడో నాకు తెలియదు. అంతా మా వల్లేనని నన్ను నేను గొప్ప చేసుకోను. కానీ నీలం నగర్ నుంచి ఆయన దగ్గరికి మనుషులు వెళ్లడం ఆగిపోయింది మాత్రం మా వల్లే. మా ఆయన అందరికీ చెప్పాడు, అత్తమ్మ అందరికీ చెప్పింది. వాళ్లిద్దరూ నమ్మిందే చెప్పారు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా ఆయనకు ఛాతీ బరువెక్కుతోంది. పరీక్షలు చేసి, కొవ్వు ఉందని, రాత్రి పూట ఒక గోళీ వేసుకోమన్నారు. పేరు వేరు, జాతి అదేనట. ఆయన ఆ అట్టను అలమారా పైన పడేశాడు. మా అమ్మ కాళ్లు తిన్న గోళీ నేను మింగనని తేల్చేశాడు. నేను బతిమాలాను, పిల్లలు బతిమాలారు. ఎవరు చెప్పినా అమ్మ పేరే తీస్తాడు. నా అబద్ధం ఒక మనిషితో పోలేదని, రెండో మనిషి కోసం కాచుకుని ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

నిన్న పొద్దున ఆయన చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆ డాక్టర్ పెన్ను పక్కన పెట్టిన దగ్గర నుంచి, నేను అప్పజెప్పిన మాటల దాకా. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చాయ్ చల్లారిపోయింది. ఆ డాక్టర్ ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాడు. తెలియదన్నాను. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పొద్దు వాలాక వచ్చాడు. కొంతం చౌక్‌లో కింది దుకాణాల వాళ్లందర్నీ అడిగానని, ఎవరికీ తెలియదని గోడతో చెప్పినట్టు చెప్పాడు. అంత మందిలో ఆయన్ని అన్న మాటలు తిరిగి తీసుకోవడానికి వెళ్లాడు. తీసుకోలేక వచ్చాడు. అదీ నా ఖాతాలోదే.

అన్నం తిన్నాక లేచి అలమారా మీది అట్ట దించాడు. ఒక గోళీ విప్పి అరచేతిలో పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

"నా కాళ్లు గుంజితే, డాక్టర్ ఏమన్నడో గీ సారన్నా చెప్తవా?"

"చెప్త" అన్నాను.

నేను నీళ్ల గ్లాసు అందించాను. తీసుకోలేదు. తనే కుండ దగ్గరికి వెళ్లి, నీళ్లు ముంచుకుని మింగాడు. వెళ్లి అటు తిరిగి పడుకున్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఎన్నో ఏళ్ల తర్వాత నిన్న రాత్రి నాకు నిద్ర పట్టింది. ఆయనకు పట్టిందో లేదో నేను అడగలేదు.